మోహాక్ లాక్రోస్ ఆటగాళ్లు: ఆట, శిక్షణ, చదువు – తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ పేజీ ఎవరి గురించి?

ప్రధానంగా గేలార్డ్ పౌలెస్ (1946–2001) గురించి. కెనడాలోని ఒంటారియో ప్రావిన్స్‌లో, గ్రాండ్ నది ఒడ్డున ఉన్న సిక్స్ నేషన్స్ రిజర్వులో (ఆదివాసీలకు కేటాయించిన నేలలో) పుట్టి పెరిగిన మోహాక్ ఆటగాడాయన. అయితే ఆయన ఆట గురించి మాట్లాడాలంటే తండ్రి రాస్ పౌలెస్ (1926–2003) దగ్గర మొదలుపెట్టక తప్పదు. కొడుకు చేతికి ఆట వచ్చింది ఆ తండ్రి చేతి మీదుగానే. చదువు విషయానికి వచ్చేసరికి మాత్రం ఇంకో తరం ముందుకు జరిగి, అదే రిజర్వు నుంచి వచ్చిన కోడీ జేమిసన్‌ను పలకరించాలి. లాక్రోస్ కర్ర పట్టుకుని విశ్వవిద్యాలయం గడప తొక్కడం గేలార్డ్ కాలంలో అక్కడి పిల్లలకు చాలా అరుదైన విషయం. అందుకే ఈ పేజీలో ఒక మనిషి కథ చెప్పబోయి ముగ్గురి కథ చెప్పవలసి వచ్చింది.

మోహాక్‌లు అంటే ఎవరు? మన పాఠాల్లో చదువుకున్న రెడ్ ఇండియన్లేనా?

ఆ మాట మన పాఠ్యపుస్తకాల ద్వారా అలవాటైందే గానీ, వారు తమను తాము అలా పిలుచుకోరు. ఐరోపావారు వేసిన లెక్క తప్పడం వల్ల అంటుకున్న పేరది. ఇండియా నుంచి వెళ్లినవాళ్లకు ఆ తప్పు మరీ స్పష్టంగా కనిపిస్తుంది. మోహాక్‌లు తమ భాషలో తమను 'కన్యెన్కెహాకా' అంటారు. చెకుముకి రాతి సీమవారు అని దాని అర్థం. మోహాక్, ఒనైడా, ఒనొండాగా, కయూగా, సెనెకా అనే ఐదు జాతులు కలిసి ఏర్పరచుకున్న హోడెనొషోనీ సమాఖ్యలో తూర్పు వాకిలి కాపలా వీరిది. 1722లో టస్కరోరాలు చేరడంతో అది ఆరు జాతుల సమాఖ్య అయింది. సిక్స్ నేషన్స్ అనే పేరు అలా వచ్చిందే.

అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో బ్రిటిష్ పక్షాన నిలిచినందుకు ప్రతిఫలంగా 1784లో గ్రాండ్ నదికి ఇరువైపులా ఆరేసి మైళ్ల వెడల్పున భూమి వీరికి దక్కింది. అందులో ఇప్పుడు వారి చేతిలో మిగిలింది ఐదు శాతం లోపే. ఆ మిగిలిన నేలలోని ముఖ్యమైన ఊరు ఓష్వేకెన్, అదే పౌలెస్ కుటుంబం ఊరు. ఇది కాక మాంట్రియల్ పక్కన కానవాగే, ఒంటారియో–క్విబెక్–న్యూయార్క్ సరిహద్దులు మూడూ కలిసే చోట ఆక్వెసాస్నే పేరుపొందిన మోహాక్ ఊళ్లు. ఆక్వెసాస్నేలో ఒక బంధువు ఇంటి నుంచి మరో బంధువు ఇంటికి వెళ్లాలంటే దేశం దాటవలసి రావచ్చు.

హైదరాబాదు సెలూన్లలో వినిపించే 'మోహాక్ కటింగ్'కూ ఈ జాతికీ ఉన్న సంబంధంలో సినిమాల పాత్రే ఎక్కువ. ఆ ప్రశ్న తరచుగా వస్తుంది కాబట్టి చెప్పాను, ఇక వదిలేద్దాం.

లాక్రోస్ ఎలా ఆడతారు?

ప్రతి ఆటగాడి చేతిలో ఒక కర్ర ఉంటుంది. దాని కొసన చిన్న వల ఉంటుంది. గట్టి రబ్బరు బంతిని ఆ వలతోనే పట్టుకోవాలి, వలతోనే మోయాలి, వలతోనే విసిరి గోల్ చేయాలి. గోల్ కాపలాదారు తప్ప మరెవరూ బంతిని చేత్తో తాకకూడదు. చూసేవారికి తేలిగ్గా అనిపించే పరుగులోనే అసలు విద్య ఉంది: బంతి జారిపోకుండా కర్రను నిద్రపుచ్చే ఉయ్యాలలాగా అటూ ఇటూ తిప్పుతూ, పక్కనుంచి ఎదుటివాడి కర్ర దెబ్బలు పడుతూ ఉండగా పరుగెత్తాలి.

మైదానపు ఆటలో జట్టుకు పదిమంది. పౌలెస్‌లు పెరిగిన ఆట అది కాదు, బాక్స్ లాక్రోస్. వేసవిలో ఖాళీగా పడివుండే ఐస్ హాకీ అరేనాల్లో ఆడించడానికి 1930ల తొలినాళ్లలో కెనడాలో రూపుదిద్దుకున్న ఆట ఇది. జట్టుకు ఆరుగురు, చుట్టూ గోడ, చిన్న గోల్, ఊపిరి తిప్పుకోనివ్వని వేగం. ఈ ఇరుకు బరిలో పెరిగిన చేతులు గోల్ ముందు జానెడు సందు దొరికినా బంతిని దూర్చగలవు. అమెరికాలో పిల్లలకు రెండు చేతులతోనూ ఆడటం నేర్పితే, బాక్స్ ఆటగాళ్లు సాధారణంగా ఒకే వాటం చేతిని పదునుపెట్టుకుంటారు. విశ్వవిద్యాలయపు మైదానాలకు వచ్చాక కూడా వారు వేరుగా కనిపించడానికి ఇదొక కారణం.

దీన్ని వైద్యపు ఆట అని ఎందుకు అంటారు?

హోడెనొషోనీ విశ్వాసంలో ఈ ఆట సృష్టికర్త ఇచ్చిన వరం. ఆయన వినోదానికై ఆడేది. ఒకరికి జబ్బు చేసినా, ఊరికి కష్టం వచ్చినా, ఆ మనిషి కోసం లేదా ఆ ఊరి కోసం ఆటను మొక్కుగా ఆడటం ఈనాటికీ ఉంది. అలాంటి ఆటలో చెక్క కర్రలే వాడతారు; వయసు తేడా లేకుండా అందరూ దిగుతారు; ఎవరు గెలిచారన్నది ముఖ్యం కాదు. మగబిడ్డ పుడితే ఉయ్యాలలో చిన్న కర్ర పెట్టడం, మనిషి పోయినప్పుడు ఆయన కర్రను వెంట పంపడం వారి సంప్రదాయంలో ఉన్నవే.

సిక్స్ నేషన్స్ నుంచి వచ్చిన ఆటగాడు డబ్బు తీసుకుని వృత్తి లీగులో ఆడుతున్నా, ఇంటి దగ్గర ఆడే ఆ మరో ఆట అతని వెనక ఉంటుంది. రెంటినీ కలిపి చూసేవారు పొరబడతారు. పూర్తిగా విడదీసి చూసేవారు ఇంకా ఎక్కువ పొరబడతారు.

ఆట వారిదైతే, పేరు ఫ్రెంచిదెందుకు? నియమాలు తెల్లవారు రాశారెందుకు?

పదిహేడో శతాబ్దంలో వచ్చిన ఫ్రెంచి మతబోధకులు ఈ ఆటను చూసి తమకు తెలిసిన 'క్రోస్' అనే మాటతో పిలిచారు, అదే నిలిచింది. మోహాక్ భాషలో ఈ ఆట పేరు 'తెవారాతన్'. అమెరికా విశ్వవిద్యాలయాలలో ఏటా ఉత్తమ ఆటగాళ్లకు ఇచ్చే పురస్కారానికి 2001 నుంచి ఆ పేరే పెట్టారు. ఆ కంచు విగ్రహంలో పరుగెత్తే మనిషి కూడా మోహాకే.

నియమాల కథలో కాస్త చేదు ఉంది. 1840, 50 దశకాలలో మాంట్రియల్ పట్టణపు తెల్ల యువకులకు ఈ ఆట వచ్చింది పక్కనున్న కానవాగే మోహాక్‌ల వల్లనే. మొదటి రోజుల్లో తమ వైపు మనుషులను ఎక్కువ పెట్టుకుని ఆడినా తెల్ల జట్లకు గెలుపు కష్టంగానే ఉండేది. అంటే ఆధునిక లాక్రోస్‌కు తొలి శిక్షకులు మోహాక్‌లే. వారిని ఆ మాటతో ఎవరూ పిలవలేదు, అంతే. తరువాత మాంట్రియల్ దంతవైద్యుడు విలియం జార్జ్ బీర్స్ 1860లో నియమాలు రాసి, 1867లో వాటిని స్థిరపరచాడు. 1876లో కానవాగే ఆటగాళ్లను బ్రిటన్‌కు తీసుకుపోయి విక్టోరియా రాణి ఎదుట ఆడించారు. ఆ తరువాత నాలుగేళ్లకే, 1880లో, కెనడా జాతీయ సంఘం తన పోటీలను 'అమెచ్యూర్' ఆటగాళ్లకే పరిమితం చేసి, ఆదివాసీ ఆటగాళ్లు డబ్బు పుచ్చుకుంటారనే సాకుతో వారిని గెంటేసింది. సొంత వ్యాపారాలున్న పట్టణవాసులు ఊరికే ఆడగలరు. దూరం నుంచి పని మానుకుని వచ్చే వారికి దారిఖర్చులైనా కావాలి కదా. ఆట నేర్పినవారినే ఆట నుంచి తప్పించారన్నమాట.

1904 ఒలింపిక్స్‌లో మోహాక్ జట్టు ఆడిందన్న మాట నిజమేనా?

నిజమే. సెయింట్ లూయిస్‌లో జరిగిన ఆ పోటీల్లో మూడే జట్లు. కెనడా తరఫున విన్నిపెగ్ షామ్‌రాక్స్‌కు స్వర్ణం, స్థానిక సెయింట్ లూయిస్ జట్టుకు రజతం, బ్రాంట్‌ఫర్డ్ ప్రాంతపు మోహాక్ జట్టుకు కాంస్యం దక్కాయి. ఆటగాళ్ల జాబితాలో 'వాన ముఖాన పడ్డవాడు' వంటి అర్థాలిచ్చే పేర్లు కనిపిస్తాయి.

రాస్ పౌలెస్ ఎవరు?

1926లో సిక్స్ నేషన్స్‌లో పుట్టిన రాస్, 1950ల తొలి సంవత్సరాలలో కెనడా బాక్స్ లాక్రోస్‌లో పెద్ద పేరు. 1951 నుంచి 1954 వరకు పీటర్‌బరో జట్టు వరుసగా నాలుగు సార్లు మాన్ కప్ గెలిచింది. ఆ జట్టుకు ఆడిన రాస్‌కు 1953 ఫైనల్లో అత్యుత్తమ ఆటగాడి పురస్కారం వచ్చింది. పీటర్‌బరో ఆయన ఊరు కాదు; వేసవి అంతా ఇంటికి దూరంగా, తెల్లవారి పట్టణంలో, వారి జట్టు కోసం ఆడటం అప్పటి మంచి మోహాక్ ఆటగాడి బతుకుతెరువులో భాగం.

ఆయనకు 14 మంది పిల్లలు. ఆ ఇంట్లో లాక్రోస్‌కు వేరే శిక్షణ శిబిరం అవసరం లేదు; పెరట్లోనే రెండు జట్లు కట్టవచ్చు. ఒంటారియోలో అనేక జట్లకు ఆయన శిక్షకుడిగా పనిచేశారు గానీ, నా దృష్టిలో ఆయన శిక్షణకు అసలు ఫలితం పెద్దకొడుకుల్లో ఒకడైన గేలార్డ్.

మాన్ కప్, మింటో కప్ అంటే ఏమిటి?

రెండూ కెనడా జాతీయ ట్రోఫీలే. గవర్నర్ జనరల్ లార్డ్ మింటో 1901లో ఇచ్చిన మింటో కప్ 1937 నుంచి జూనియర్ల పోటీకి వెళ్లింది; 1910లో వచ్చిన మాన్ కప్ సీనియర్లది. తండ్రి గెలిచింది రెండోది. కొడుకు పేరు మోగింది మొదటిదాంతో, తరువాత రెండోదాన్నీ అందుకున్నాడు.

గేలార్డ్ ఓషావాకు ఎలా చేరారు? అక్కడ ఏం జరిగింది?

1964లో, పద్దెనిమిది నిండకముందే, టొరంటోకు తూర్పున ఉన్న ఓషావా పట్టణపు గ్రీన్ గేల్స్ జూనియర్ జట్టులో ఆయన చేరారు. ఆ జట్టుకు జిమ్ బిషప్ శిక్షకుడు. దమ్ము, క్రమశిక్షణ, ఆగని పరుగు ఆయన పద్ధతి. ఆటగాళ్లను అలసిపోయేదాకా పరుగెత్తించి, ఆ అలసటలోనే ఆడటం నేర్పేవారు. ఇంటి దగ్గర తండ్రి నేర్పిన కర్రపని వేరు: మణికట్టు మలుపు, కళ్లతో మోసం, భుజం మీదుగా చూడకుండా వేసే బంతి. ఈ రెండు బళ్లూ ఒక్క మనిషిలో కలిశాయి. గ్రీన్ గేల్స్ 1963 నుంచి 1969 వరకు వరుసగా ఏడు మింటో కప్పులు గెలిస్తే, 1964 నుంచి 1967 వరకు వచ్చిన నాలుగింటిలో గేలార్డ్ ఉన్నారు. 1964లోనూ, మళ్లీ 1967లోనూ ఆ పోటీల అత్యుత్తమ ఆటగాడు ఆయనే.

1964లోనే ఆయనకు టామ్ లాంగ్‌బోట్ పురస్కారం కూడా వచ్చింది. కెనడాలో ఉత్తమ ఆదివాసీ క్రీడాకారులకు ఇచ్చే ఈ పురస్కారం ఎవరి పేరు మీద ఉందో ఆ లాంగ్‌బోట్ సైతం సిక్స్ నేషన్స్‌వాడే, 1907 బోస్టన్ మారథాన్ విజేత. ఆయన ప్రసక్తి చదువు దగ్గర మళ్లీ వస్తుంది.

సీనియర్ స్థాయిలో 1971లో బ్రాంట్‌ఫర్డ్ వారియర్స్ తరఫున గేలార్డ్ మాన్ కప్ గెలిచారు. తన ఊరికి కూతవేటు దూరంలోని పట్టణం కోసం గెలిచిన కప్పు అది. వృత్తి లాక్రోస్ కూడా ఆడారు. తండ్రీకొడుకులిద్దరికీ కెనడియన్ లాక్రోస్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కింది. గేలార్డ్ పోయిన పదహారేళ్లకు, 2017లో, అన్ని క్రీడలకూ చెందిన కెనడా స్పోర్ట్స్ హాల్ ఆఫ్ ఫేమ్ ఆయనను చేర్చుకుంది.

జాతి వివక్ష ఎదురుకాలేదా?

ఎదురైంది, బాగా ఎదురైంది. ప్రేక్షకుల గ్యాలరీ నుంచి తిట్లు, బరిలో కర్ర దెబ్బలు రెండూ ఆయనకు మామూలే. బాక్స్ లాక్రోస్‌లో కర్రతో కొట్టడానికీ, బంతి రాబట్టే పేరుతో మనిషిని కొట్టడానికీ మధ్య గీత సన్ననిది. ఆదివాసీ ఆటగాడి విషయంలో ఆ గీత రిఫరీలకు మరీ సన్నగా కనిపించేది. తిరగబడి కొట్టాలనిపించిన వయసులో కొడుక్కి రాస్ చెప్పిన సలహా సిక్స్ నేషన్స్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు: దెబ్బకు దెబ్బ తీస్తే పెనాల్టీ పెట్టెలో కూర్చుంటావు, బంతిని వలలో వేస్తే వాళ్లు నోరు మూసుకుంటారు అన్నది దాని సారాంశం. దీన్ని సహనబోధగా మాత్రమే చదవకూడదని నా అభిప్రాయం. పెనాల్టీ పెట్టెలో రెండు నిమిషాలు కూర్చున్న ఆటగాడు జట్టుకు రెండు నిమిషాల నష్టం. రాస్ చెప్పింది తండ్రి మాటే కాదు, ఆట లెక్క తెలిసిన శిక్షకుడి మాట కూడా.

చెక్క కర్రకు అంత ప్రాముఖ్యం ఎందుకు?

అది తయారయ్యే తీరు చూస్తే అర్థమవుతుంది. ముందు హికరీ చెట్టు దుంగను నిలువునా చీలుస్తారు, కోయరు. కోస్తే నార తెగుతుంది, చీలిస్తే నార వెంట చీలుతుంది. ఆ చీలికను ఆవిరి పట్టించి, మెత్తబడ్డాక కొసను కొక్కెంలా వంచి, తీగతో బిగించి నెలల తరబడి ఆరబెడతారు. ఆరాక కత్తితో చెక్కి, తోలు వారులూ పేగు తాళ్లూ అల్లి వల కడతారు. ఒక్కొక్క కర్రకూ ఒక్కొక్క బరువు, ఒక్కొక్క వాటం. కుడిచేతి కర్ర ఎడమచేతికి పనికిరాదు. బాక్స్ ఆటగాళ్లకు ఒకే వాటం అలవాటు కావడానికి ఇది కూడా ఒక మూలం.

ఒకప్పుడు ప్రపంచానికి కావలసిన చెక్క కర్రల్లో అత్యధిక భాగం ఆక్వెసాస్నేలోని కార్న్‌వాల్ ద్వీపంలో మోహాక్ చేతుల మీదుగానే తయారయ్యేది. 1968లో అక్కడి కర్మాగారం కాలిపోయింది. ఆ తరువాత కొద్దికాలానికే అమెరికాలో ప్లాస్టిక్ తల ఉన్న కర్రలు మార్కెట్లోకి వచ్చి, ఆ చేతిపని మీద బతికిన కుటుంబాలను దెబ్బతీశాయి. గేలార్డ్ తన గొప్ప సంవత్సరాలన్నీ చెక్క కర్రతోనే ఆడారు. నేటి ఆటగాళ్లు పోటీలో ప్లాస్టిక్ వాడినా, వైద్యపు ఆటకు చెక్కనే చేతపడతారు.

ఆట మానేశాక శిక్షకులుగా మారడం మామూలేనా?

'ఆట మానేశాక' అన్న మాట దగ్గరే తేడా ఉంది. ఊళ్లో పదేళ్ల పిల్లవాడు ఐదేళ్లవాడికి బంతి పట్టడం నేర్పుతాడు. వృత్తి లీగులో ఆడే కుర్రాడు సాయంత్రం చిన్నపిల్లల జట్టు పక్కన నిలబడతాడు. తాత గోడ అవతల నిలబడి ఇద్దరినీ సరిదిద్దుతాడు. పట్టణపు లీగులో శిక్షకుడు జీతం తీసుకునే ఉద్యోగి. ఊళ్లో అది చుట్టరికంలాంటిది. గేలార్డ్ కూడా పోటీల నుంచి తప్పుకున్నాక సిక్స్ నేషన్స్ పిల్లలకూ యువకులకూ ఆట నేర్పారు. ఓష్వేకెన్‌లోని ఊరి అరేనాకు ఇప్పుడు గేలార్డ్ పౌలెస్ అరేనా అని పేరు. అందులో మొదటిసారి కర్ర పట్టే పిల్లలకు ఆయన ఆడగా చూసిన జ్ఞాపకం ఉండదు. ఆయన దగ్గర నేర్చుకున్న పెద్దలు మాత్రం ఉంటారు.

చదువు మాటేమిటి? ఆ రోజుల్లో బడి ఎలా ఉండేది?

సిక్స్ నేషన్స్ పక్కనే, బ్రాంట్‌ఫర్డ్‌లో, మోహాక్ ఇన్‌స్టిట్యూట్ అనే రెసిడెన్షియల్ స్కూల్ ఉండేది. మన గురుకుల పాఠశాలలతో పోల్చుకుంటే పూర్తిగా దారి తప్పుతారు. పిల్లలను ఇంటి నుంచి వేరుచేసి, సొంత భాష మాట్లాడితే శిక్షించి, పొలాల్లో పని చేయించి, వారిలోని మోహాక్‌ను చెరిపేయడమే ఆ బళ్ల ధ్యేయం. రోజూ పెట్టే పలచటి జావను బట్టి పిల్లలు దానికి 'మష్ హోల్' అని పేరు పెట్టుకున్నారు. పందొమ్మిదో శతాబ్దపు మొదటి సగంలో మొదలైన ఆ బడి 1970 దాకా నడిచింది. చిన్నతనంలో అక్కడ వేసిన టామ్ లాంగ్‌బోట్ తప్పించుకుని పారిపోయాడు. కెనడా మేటి పరుగు వీరుడి మొదటి పరుగుల్లో ఒకటి బడి నుంచి పారిపోయిన పరుగు కావడం ఎవరూ కల్పించనక్కరలేని సంగతి.

కాబట్టి ఆ తరంలో 'చదువు' అన్నమాటకు ఇంటిని పోగొట్టుకోవడమనే అర్థం చాలా కుటుంబాల్లో ఉండేది. ఆట మాత్రం ఇంట్లో, సొంత మనుషుల దగ్గర, సొంత భాషలో దొరికే విద్య. 1970ల చివర నుంచి మోహాక్‌లు తమ బళ్లు తామే పెట్టుకోవడం మొదలుపెట్టారు: కానవాగేలో 1978లో సర్వైవల్ స్కూల్, ఆక్వెసాస్నేలో 1979లో మోహాక్ భాషలోనే బోధించే ఫ్రీడమ్ స్కూల్ వచ్చాయి.

మరి విశ్వవిద్యాలయాలతో సంబంధం ఎప్పుడు ఏర్పడింది?

ఒంటరిగా వెళ్లినవారు ముందే ఉన్నారు. ఒనొండాగా పెద్ద ఓరెన్ లయన్స్ 1950లలో సిరాక్యూజ్ విశ్వవిద్యాలయ జట్టుకు గోల్ కాపలాదారు. 1957లో ఓటమి ఎరుగని ఆ జట్టులో ఉండి, తరువాత బఫెలోలో ఆచార్యుడయ్యారు. కానీ దారి వెడల్పయింది చాలా ఆలస్యంగా. సాధారణంగా మొదటి మెట్టు రెండేళ్ల కమ్యూనిటీ కాలేజీ. అక్కడ క్రెడిట్లు కూడగట్టుకుని నాలుగేళ్ల విశ్వవిద్యాలయానికి మారతారు. సిరాక్యూజ్ విశ్వవిద్యాలయం నిలబడింది ఒనొండాగా నేల మీద. 2006 నుంచి అర్హులైన హోడెనొషోనీ విద్యార్థులకు ఫీజు, వసతి, భోజన ఖర్చులు భరించే 'హోడెనొషోనీ ప్రామిస్' స్కాలర్‌షిప్ అక్కడ అమలవుతోంది. ఇది ఆటగాళ్లకే పరిమితం కాదు. అన్నిటికంటే మంచి విషయం అదే.

కోడీ జేమిసన్ 2009లో చేసిన గోల్ గురించి ఎందుకు అంతగా చెప్పుకుంటారు?

జేమిసన్ సిక్స్ నేషన్స్ మోహాక్, ఎడమచేతి వాటం. ఒనొండాగా కమ్యూనిటీ కాలేజీలో ఆడి సిరాక్యూజ్‌కు మారారు. చదువుకు సంబంధించిన అర్హత లెక్కలు తేలేసరికి ఆలస్యమై, 2009 సీజన్ చివరి భాగంలో మాత్రమే బరిలోకి దిగగలిగారు. బరిలో ఎంత గొప్పవాడైనా రిజిస్ట్రార్ కాగితం మీద సంతకం పడేదాకా బెంచీ మీదే ఉండాలన్న సంగతి, ఈ దారిలో వెళ్లే ప్రతి పిల్లవాడూ నేర్చుకునే మొదటి పాఠం.

ఆ ఏడాది మే 25న ఫాక్స్‌బరోలో జాతీయ ఫైనల్. ప్రత్యర్థి కార్నెల్. చివరి నాలుగు నిమిషాల్లోకి వచ్చేసరికి సిరాక్యూజ్ 6–9తో వెనకబడి ఉంది. ఒకటి, రెండు తిరిగి వచ్చాయి. గడియారంలో నాలుగే సెకన్లు మిగిలి ఉండగా కెన్నీ నిమ్స్ గోల్‌తో 9–9 అయింది. అదనపు సమయంలో కార్నెల్ దగ్గర బంతి ఉన్నప్పుడు, సిక్స్ నేషన్స్ నుంచే వచ్చిన సిడ్ స్మిత్ దాన్ని ఎదుటివాడి కర్రలోంచి తట్టి పడేశాడు. బంతి అటు నుంచి ఇటు తిరిగి చివరికి జేమిసన్‌కు చేరింది. ఎడమచేత్తో కొట్టిన దెబ్బకు స్కోరు 10–9, ఆట సమాప్తం. బంతిని రాబట్టింది, గోల్ చేసింది ఒకే ఊరి పిల్లలు. దేశమంతా దాన్ని సిరాక్యూజ్ విజయంగా చూస్తే, సిక్స్ నేషన్స్‌లో తమ అరేనాలో ఎప్పుడూ చూసే ఆటగా చూశారు.

2010లో వృత్తి లీగు అయిన నేషనల్ లాక్రోస్ లీగ్ డ్రాఫ్టులో (జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే ఏర్పాటులో) మొట్టమొదటి ఎంపిక జేమిసన్. తీసుకున్నది రోచెస్టర్ నైట్‌హాక్స్. అప్పటి యజమాని సిక్స్ నేషన్స్‌కే చెందిన కర్ట్ స్టైర్స్. 2012, 2013, 2014లలో ఆ జట్టు వరుసగా లీగ్ కప్ గెలిచింది. 2014లో లీగ్ అత్యుత్తమ ఆటగాడు జేమిసనే.

హోడెనొషోనీకి సొంత జాతీయ జట్టు ఉందా?

ఉంది. 1983లో ఓరెన్ లయన్స్ తదితరులు స్థాపించిన ఇరాక్వాయ్ (హోడెనొషోనీకి బయటివారు పెట్టిన పేరు) నేషనల్స్, 1990లో పెర్త్‌లో మొదటిసారి ప్రపంచ పోటీల్లో ఆడింది. ఇప్పుడు దాని పేరు హోడెనొషోనీ నేషనల్స్. 2014లోనూ, 2018లోనూ, 2023లోనూ మైదానపు ప్రపంచ పోటీల్లో కాంస్యం గెలిచింది. 2010లో మాంచెస్టర్ పోటీలకు వెళ్లవలసిన జట్టు వెళ్లలేకపోయింది; తమ సమాఖ్య పాస్‌పోర్టులతోనే ప్రయాణిస్తామని ఆటగాళ్లు పట్టుబట్టారు, బ్రిటన్ ఒప్పుకోలేదు. అమెరికా లేదా కెనడా పాస్‌పోర్టు తీసుకుంటే ఆ రోజే విమానం ఎక్కేవారు. ఎక్కలేదు.

2022లో అమెరికాలోని బర్మింగ్‌హామ్‌లో జరిగిన వరల్డ్ గేమ్స్‌కు మొదట ఈ జట్టును అర్హులుగా లెక్కించలేదు. విమర్శలు వచ్చాక నియమం మారినా, అప్పటికి స్థానాలన్నీ నిండిపోయాయి. అప్పుడు ఐర్లండ్ తన స్థానాన్ని వదులుకుని వారికి ఇచ్చింది.

మహిళలు ఆడతారా?

ఆడతారు, హోడెనొషోనీ మహిళల జట్టు అంతర్జాతీయ పోటీల్లో ఉంది. అయితే వైద్యపు ఆట, దానికి వాడే చెక్క కర్ర పురుషులవేనన్న నమ్మకం గట్టిది. మహిళల ఆటను మొదట్లో ఒప్పుకోని పెద్దలున్నారు, ఇప్పటికీ ఒప్పుకోనివారున్నారు. వంశం తల్లి వైపు నుంచి లెక్కించి, నాయకులను నిలబెట్టే, దించే అధికారం వంశమాతల చేతిలో పెట్టిన సమాజంలో ఈ చర్చ సాగుతోందని గుర్తుంచుకుంటే, బయటివారు తొందరపడి తీర్పు చెప్పరు.

2028 ఒలింపిక్స్‌లో వారు తమ పేరుతో ఆడతారా?

ఆరుగురు ఆటగాళ్ల 'సిక్సెస్' పద్ధతిలో లాక్రోస్‌ను లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో చేర్చాలని 2023 అక్టోబరులో నిర్ణయించారు. ఆ నిర్ణయం జరిగింది ముంబైలో. క్రికెట్‌ను చేర్చిన అదే సమావేశం. మన పత్రికలన్నీ క్రికెట్ గురించి రాసిన రోజున, ఓష్వేకెన్‌లో వేరే వార్త మీద మాట్లాడుకున్నారు. ఒలింపిక్ నియమం ప్రకారం గుర్తింపు పొందిన జాతీయ ఒలింపిక్ కమిటీ ఉన్నవారే జట్టు పంపగలరు. హోడెనొషోనీకి అది లేదు. ప్రత్యేక అవకాశం ఇవ్వాలన్న వారి కోరికకు 2023 డిసెంబరులో అప్పటి అమెరికా అధ్యక్షుడు బైడెన్ బహిరంగంగా మద్దతు పలికారు. అమెరికా జట్టులోనో కెనడా జట్టులోనో ఆడవచ్చు కదా అనే సలహాకు 2010లోనే వారు జవాబు చెప్పి ఉన్నారు.

టొరంటో దగ్గర ఉంటున్నాం. పిల్లలకు ఈ ఆట చూపించాలంటే ఎక్కడికి వెళ్లాలి?

టొరంటో నుంచి బ్రాంట్‌ఫర్డ్ సుమారు వంద కిలోమీటర్లు; అక్కడి నుంచి ఓష్వేకెన్ దగ్గరే. బాక్స్ లాక్రోస్ వేసవి ఆట కాబట్టి మే తరువాత వెళ్లండి. సిక్స్ నేషన్స్ చీఫ్స్ సీనియర్ జట్టు ఆటలు 2004లో మొదలైన ఇరాక్వాయ్ లాక్రోస్ అరేనాలో చూడవచ్చు. బయటివారికి టికెట్టు మీద ప్రవేశం ఉంటుంది. అదే ప్రయాణంలో బ్రాంట్‌ఫర్డ్‌లోని వుడ్‌లాండ్ కల్చరల్ సెంటర్‌కు కూడా వెళ్లండి. ఒకనాటి మోహాక్ ఇన్‌స్టిట్యూట్ భవనం దాని ఆధ్వర్యంలోనే ఉంది. పిల్లలు మరీ చిన్నవాళ్లయితే ఆ బడి కథ ముందు మీరు విని, వారికి ఎంతవరకు చెప్పాలో నిర్ణయించుకోండి. వైద్యపు ఆట మాత్రం టికెట్టు కొని చూసేది కాదు. పిలుపు లేకుండా దాన్ని వెతుక్కుంటూ వెళ్లకండి, ఫొటోలు తీయకండి.